గురక యంత్రానికి తువ్వాల బేరం

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా ఎవరు చేరినా మా ఓనరు మొదటి రోజే టీ తాగించి మరీ ఈ సంగతి చెప్పేవాడు. ఇవాళ ఫోన్లో నాలుగు చోట్ల ధరలు పోల్చి, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన నక్షత్రాలు లెక్కపెట్టి వస్తువు కొనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరూ అలాగే వినండి. నాకేమీ కోపం రాదు. కాకపోతే ఏ సగం తీసేయాలో మీరే తేల్చుకోవాలి. ఇప్పటికీ నాకే తెలియదు.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆ గుండ్రటి భవనం లేచి, చుట్టూ బండరాళ్లు పేలుస్తున్న రోజులు. నేను వైద్య పరికరాలు అమ్మే ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. ఆక్సిజన్ సిలిండర్లు, చక్రాల కుర్చీలు, బీపీ మిషన్లు అమ్ముకుంటూ హాయిగా ఉన్న మాకు మా ఓనరు ఎక్కడినుంచో ఒక కొత్త సరుకు తెచ్చిపెట్టాడు. డాక్టర్లు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. జనం మాత్రం గురక మిషన్ అన్నారు. చిన్న సూట్‌కేసంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు పెట్టుకునే తొడుగు.

కొందరికి నిద్రలో గొంతు లోపలి కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. ప్రాణం బెదిరిపోయి మనిషిని ఒక్క కుదుపు కుదుపుతుంది. గురక పెట్టి మళ్లీ ఊపిరి పీల్చుకుంటాడు. రాత్రంతా ఇదే వరస. పొద్దున లేచేసరికి ఆ మనిషికి ఇదేదీ గుర్తుండదు, పగలంతా తూగుతూ ఉంటాడు. ఈ పెట్టె గాలి ఊది ఆ దారి మూసుకుపోకుండా చూస్తుంది. అంతే. ఆ అంతే అన్నదానికి అప్పట్లో ఒక కొత్త స్కూటరూ, దాని పక్కన ఒక ఫ్రిజ్జూ కొనుక్కోవచ్చు.

ఊరు మొత్తానికి ఆ మిషన్ అమ్మేవాళ్లం ముగ్గురమే. నేను, ఒక కోస్తా పెద్దాయన, మెడకు ఎప్పుడూ టై బిగించుకుని తిరిగే మరొకడు. ముగ్గురం మూడు సంస్థల్లో ఒకరికొకరు శత్రువుల్లా పనిచేసి, సాయంత్రం ఆబిడ్స్‌లోని ఒకే ఇరానీ హోటల్లో ఒకే ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ముందు కూర్చునేవాళ్లం. ఆ బల్ల దగ్గరే మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఏ గిరాకీ వచ్చినా ఎవరో ఒకరి వంతు. వంతు ఉన్నవాడు ఒక ధర చెబుతాడు, మిగతా ఇద్దరూ దానికంటే కాస్త ఎక్కువ చెబుతారు. గిరాకీ మూడు కొట్లూ తిరిగి, పోల్చి చూసుకుని, తెలివిగా కొన్నామని సంబరపడుతూ వంతువాడి దగ్గర కొంటుంది. అందరికీ సంతోషమే.

అలా ఉండగా ఒకరోజు పొద్దున మా ఆఫీసు మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. కళ్ల కింద మసి పూసినట్టు నల్లటి చారలు. నేను ఆవిడే రోగి అనుకున్నాను.

“అన్నా, గురక మిషన్ నీ తాన ఉన్నదా?”

“ఉందమ్మా, కూర్చోండి.”

“కూసునుడు తర్వాత. ఎంత?”

ఆ గిరాకీ వంతు కోస్తా పెద్దాయనది. ఒప్పందం ప్రకారం నేను ఎక్కువ ధరే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

“ముగ్గురు ఒక్క బడిల చదువుకున్నరా ఏంది? ముందుగాల ఇద్దరి తానకు పొయ్యొచ్చిన. ఇంచుమించు అదే మాట, అదే కుర్చీ, అదే చాయ్.”

అప్పుడు కూర్చుని చెప్పింది. వాళ్లది కొండాపూర్, తాతల కాలం నుంచీ అక్కడే. ఉన్న పొలంలో ఒక చెక్క అమ్మి బస్సు కొన్నారు. ఆ బస్సును ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పెట్టారు. ఆవిడ భర్తే డ్రైవరు. సికింద్రాబాద్ నుంచి ఉద్యోగులను ఆ గుండ్రటి భవనానికి తేవడం, సాయంత్రం తిరిగి దింపడం అతని పని. నెల కిందట కొత్తగూడ చౌరస్తాలో బండి ఆపుకుని ఉండగానే అతనికి కునుకు పట్టింది. బ్రేకు మీంచి కాలు జారింది. బస్సు నెమ్మదిగా, ఏనుగు నడిచినట్టు నడిచి పోయి చెరుకు రసం బండిని ముద్దు పెట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ లోపల కూర్చున్నవాళ్లంతా ఇంజనీర్లు, ఆ సాయంత్రానికే కంపెనీకి ఫిర్యాదు చేరింది. కంపెనీవాళ్లు ఆ రూటుకు తాత్కాలికంగా వేరే బండి పెట్టి, నెలాఖరులోగా వైద్యం చేయించుకుని మెలకువగా నడపగలనని చూపించకపోతే రూటు పోయినట్టేనని చెప్పారు. దవాఖానలో పరీక్ష చేసి ఈ మిషన్ రాసిచ్చారు.

“రూటు పోతే బస్సు ఇంటి ముంగట కోళ్లగూడు అయితది. గది ఒక ఫికర్. ఇంకో ఫికర్ నాకే తెలుసు. రాత్రి ఆయనకు ఊపిరి ఆగుతది అన్నా. నేను వింటనే ఉంట. ఆగితే భుజం తడ్త, మళ్ల వస్తది. ఎన్నేండ్లాయెనో నేను సక్కగ పండుకోక.”

నేను నా అలవాటు కొద్దీ ధైర్యం చెప్పాను. ఈ మిషన్ పెట్టుకుని పడుకున్న ఒక పహిల్వాన్ మర్నాడు రెండు కోడెలను చెరో చంకలో పెట్టుకుని గుట్ట ఎక్కాడని, అది నా కళ్లతో చూశానని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, “మా మామకు చెప్పు గీ ముచ్చట. శనివారం మీరు ముగ్గురు మా ఇంటికి రాండ్రి. ఆయననే మాట్లాడుతడు,” అని లేచిపోయింది.

ఆ మామ అంటే డ్రైవరుకు మేనమామ. పశువుల అంగట్లో దళారి. అంగడి నాడు బర్రెలు అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆయన వృత్తి. ఈ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఆ శనివారం ముగ్గురికీ జ్వరం వచ్చి ఉండేది.

కొండాపూర్‌లో వాళ్ల ఇల్లు కనుక్కోవడం తేలికే. చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్ల పునాదులు, మధ్యలో ఒక పెంకుటిల్లు, ముందు నాలుగు బర్రెలు, వాటి పక్కన నీలం రంగు బస్సు. బస్సు టైర్ల నీడలో కుక్క పడుకుని ఉంది. డ్రైవరు మాకు నమస్కారం పెట్టి, కుర్చీలు వేసి, తానూ ఒక కుర్చీలో కూర్చుని, మేము మంచినీళ్లు తాగి గ్లాసులు కింద పెట్టేలోగా నిద్రపోయాడు. పెద్ద మనిషి, పెద్ద మెడ, దానికి తగ్గ మీసం. ఆ మీసం గురకకు పైకీ కిందికీ లేస్తోంది. భార్య వెళ్లి భుజం తట్టింది. “ఆఁ, చెప్పుండ్రి సార్,” అన్నాడు, ఏమీ జరగనట్టు.

మామ భుజం మీద ఎర్ర తువ్వాలతో వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ముగ్గురం మా మా పెట్టెలు విప్పి చెప్పుకున్నాం. టై మనిషి ఇంగ్లీషులో చెప్పాడు. కోస్తా పెద్దాయన మెత్తగా, అండీ అండీ అంటూ అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. నేను పహిల్వాన్ కథ చెప్పాను. మామ మూడూ విని నావైపు తిరిగాడు.

“బిడ్డా, నేను ముప్పై ఏండ్లసంది ఒట్టిపోయిన బర్రెలను పాలిచ్చెటియని చెప్పి అమ్మిపిస్తున్న. నేను గూడ గిన్ని అబద్ధాలు ఆడలేదురా.”

ఆయన కోపంగా అనలేదు. తోటి పనివాడి పనితనం చూసి మెచ్చుకున్నట్టే అన్నాడు.

తర్వాత మామ కోస్తా పెద్దాయన పక్కకు జరిగి ఆయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని పైన తువ్వాల కప్పాడు.

“ఇదేమిటండీ?”

“ఏం లేదు సేటు. అంగట్ల బేరం గిట్లనే చేస్తం. నీ వేళ్లు నేను పడ్త. నువ్వు చెప్పిన ధరలకెళ్లి ఒక్కొక్క వేలికి ఇంత అని తగ్గాలె. ఎన్ని వేళ్లు ఇడుస్తవో నీకు నాకే ఎరుక. పక్కోనికి తెల్వొద్దు.”

“ధర కాగితం మీద రాసే ఉంది కదండీ!”

“కాగితం మీది బర్రె పాలియ్యది సేటు.”

మా ఒప్పందం మొత్తం ఒక్క ఆధారం మీద నిలబడిందని నాకు అప్పుడు తట్టింది. ఒకడు చెప్పింది మరొకడికి వినబడుతుందన్న ఆధారం మీద. ఎవడైనా మాట తప్పి తగ్గిస్తే మర్నాటికి ఇరానీ హోటల్లో తెలిసిపోతుంది. తువ్వాల కింద ఏం జరిగిందో ఏ హోటల్లోనూ తెలియదు.

కోస్తా పెద్దాయన మొహం ముందు ఎర్రబడింది. తర్వాత ఆలోచనలో పడింది. ఆ తర్వాత, ఈ మాటలో మాత్రం సగం తీసేయకండి, తువ్వాల రెండుసార్లు కదిలింది. మామ ఆకాశం వంక చూస్తూ “ఊఁ” అని చెయ్యి వదిలేశాడు. టై మనిషి “నో, నో, ఫిక్స్‌డ్ ప్రైస్,” అంటూనే చెయ్యి ఇచ్చాడు. నోరు ఒకటి చెబుతుంటే భుజం ఇంకొకటి చెబుతోంది. తువ్వాల మూడుసార్లు కదిలింది.

నా వంతు వచ్చింది. ఆ చెయ్యి నాగలి మేడిలా ఉంది. అందులో నా వేళ్లు లేత బెండకాయలు. నేను గట్టిగానే ఉందామనుకున్నాను. కానీ ఆ రెండు కదలికలూ, ఈ మూడు కదలికలూ చూసినవాణ్ణి కదా! ఆయన ఏమీ అడగలేదు, ఒక్కొక్క వేలూ నొక్కి ఆగి చూశాడు. నేను ఎంత తగ్గానో చెబితే మా ఓనరు ఈ వయసులో కూడా కర్ర పట్టుకుని వస్తాడు.

మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “ముగ్గురు మంచోళ్లే. ఇంచుమించు ఒక్క తాననే ఆగిండ్రు.”

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా బర్రెలను చూశాం.

“ధరలు తెలిసిపాయె. ఇగ నువ్వు అడుగు బిడ్డా,” అన్నాడు మామ కోడలితో.

ఆవిడ గడపలో నిలబడి అడిగింది. “చెడిపోతే ఎవరొస్తరు?”

టై మనిషి మిషన్‌ను మద్రాసు పంపిస్తామన్నాడు. కోస్తా పెద్దాయన బొంబాయి నుంచి ఇంజనీరు వస్తాడన్నాడు.

“మద్రాసు పొయ్యి వచ్చెదాంక మా ఇంటాయన ఊపిరి ఎవరు చూడాలె? నేనేనా?”

ఆవిడ నావైపు చూసింది. నాకు ఆ పెట్టె విప్పడం కూడా రాదు.

“నేనొస్తాను,” అన్నాను.

“ఎప్పుడు?”

“ఎప్పుడైనా.”

“పహిల్వాన్ తోలుకొస్తవా?” అన్నాడు డ్రైవరు. అతను మెలకువగా ఉన్నాడని అప్పుడే గమనించాను. ఇంటిల్లిపాదీ నవ్వారు.

నవ్వు ఆగాక మామ అసలు మాట బయట పెట్టాడు. బర్రెను కొనేవాడు ధర కుదరగానే డబ్బు ఇవ్వడు. ముందు తన ఇంటి ముందు కట్టేసుకుని మూడు పూటలు పాలు పిండి చూసుకుంటాడు. సరిపడితే సొమ్ము, లేకపోతే పలుపు విప్పి తిరిగి తోలేస్తాడు. మిషన్ కూడా అంతే.

“సీలు విప్పిన పెట్టె వెనక్కి తీసుకోరండి,” అన్నాడు కోస్తా పెద్దాయన, నిజంగానే బాధపడుతూ. టై మనిషి ముందు పూర్తి డబ్బు కట్టమన్నాడు. నా దగ్గరున్నది ప్రదర్శనకు వాడే మిషన్. అది ఆఫీసు దాటి బయట ఒక్క రాత్రి కూడా ఉండకూడదని మా ఓనరు ఆజ్ఞ. దాన్ని ఇంటి ఆడపిల్లలా చూసుకునేవాడు. నేను దాన్ని డ్రైవరు మంచం పక్కన దింపి, గొట్టం తగిలించి, స్కూటరెక్కాను. ఓనరుకు సర్వీసింగుకు ఇచ్చానని చెప్పాను. ఇప్పుడు పశ్చాత్తాపం కోసం ఎదురుచూడకండి. ఇవాళ అయినా అదే చెబుతాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి మిషన్ కిటికీలో ఉంది. డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ కళ్ల కింది చారలు అలాగే ఉన్నాయి.

“ఏమైంది?”

“ఏమైతది? పిల్లనగ్రోవి ఊదినట్టు రాత్రంత కూసింది. బర్రెలు పలుపులు తెంపుకున్నయి,” అన్నాడు డ్రైవరు. “నాకు వద్దు సార్ గిది. తీస్కపో. రూటు పోతే పాలమ్ముకుంట.”

మీసం సంగతి నాకు అప్పుడు తెలిసింది. నా దగ్గర ఉన్న తొడుగు ఒకే కొలత, పెద్దది. దాని కింది అంచు సరిగ్గా మీసం మీద కూర్చుంటోంది. వెంట్రుకల సందుల్లోంచి గాలంతా బయటికి పోతోంది. మీసం తీసేస్తే సరిపోతుందని అనబోయాను. మామ అప్పటికే నా మొహంలో ఆ మాట చదివేశాడు.

“మా వంశంల మీసం తీసుడు రెండే సందర్భాలల్ల. ఆ రెండిట్ల గిది లేదు.”

చిన్న తొడుగు కావాలి. మా కంపెనీకి అది రావాలంటే సముద్రం దాటి రావాలి. నెలాఖరు దగ్గరికొస్తోంది. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో బిస్కెట్ ముట్టుకోకుండా కూర్చున్నాను. టై మనిషి ఆరోజు రాలేదు. కోస్తా పెద్దాయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ ఏమైందని అడిగాడు. దాచాలనుకున్నాను. కానీ నాకు అబద్ధాలు చెప్పడమే చేతనవును, దాచడం చేతకాదు. అంతా చెప్పాను.

ఆయన సాసరు దించాడు. “మా దగ్గర చిన్నది ఉందండి. శాంపిల్‌గా వచ్చింది. మీ పెట్టెకీ సరిపోతుంది, గొట్టాలన్నీ ఒకే కొలత.”

“మీ వంతు గిరాకీని నేను లాక్కుంటున్నానండీ.”

“తువ్వాల కింద నేను రెండు వేళ్లు వదిలాను. ఇంక వంతేమిటి?” అన్నాడు. ఒక బిస్కెట్ విరిచి, “ఆ అమ్మాయి మద్రాసు సంగతి అడిగిందే, అది నాకు నిన్నటి నుంచీ గొంతులో అడ్డం పడి ఉందండి. తీసుకెళ్లండి. మీ ఓనరుకీ మా ఓనరుకీ చెప్పకండి,” అన్నాడు.

తమ్ముళ్లూ, పోటీదారు అంటే ఎవరని ఇవాళ మీకు పెద్ద పెద్ద కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారట. నాకు తెలిసిన పోటీదారు జేబులోంచి చేతిరుమాలు తీసి, అందులో చుట్టిన తొడుగును మర్నాడు పొద్దున్నే బస్టాపులో నా చేతికిచ్చాడు.

చిన్న తొడుగు ముక్కుకూ మీసానికీ మధ్య కుదురుగా కూర్చుంది. కానీ అప్పుడూ కష్టాలు తీరలేదు. ఒకనాడు పట్టీ బిగువై చెంప మీద వాత పడింది. ఇంకోనాడు కరెంటు పోయి మిషన్ ఆగింది. మరోనాడు ముక్కు ఎండిపోయి డ్రైవరు తుమ్ముతూ కూర్చున్నాడు. వాళ్లు పక్కింటికి వెళ్లి ఫోన్ చేసినప్పుడల్లా నేను స్కూటరేసుకుని బండరాళ్ల మధ్య పడుతూ లేస్తూ వెళ్లేవాణ్ణి. పట్టీ వదులు చేయడం, గాలి వడపోసే దూది దులపడం, తొడుగును సబ్బునీళ్లతో కడగడం వాళ్లకు నేర్పుతూ నేనూ నేర్చుకున్నాను. ఆ ఇంటికి వెళ్లినన్నిసార్లు మా సొంత చుట్టాలింటికి కూడా వెళ్లలేదు. బర్రెలు నన్ను చూసి తల తిప్పడం మానేశాయి. మామ చెప్పిన మూడు పూటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు వెళ్లేసరికి డ్రైవరు బస్సు అద్దాలు తుడుస్తూ కనిపించాడు. పాట పాడుతున్నాడు.

“పొద్దుగాల లేచి నేనే పాలు పిండిన సార్. లేపకుంట లేచిన,” అన్నాడు. “చాయ్ తాగుకుంట కూడ కునుకు రాలే. తల తేలిగ్గ అయింది, ఎవరో మూట దింపినట్టు.”

“మరి మీ ఆవిడ?”

అతను గుడ్డ పిండుతూ మెల్లగా అన్నాడు. “ఆమె పండుకుంటలేదు సార్. అలవాటు పోతలే. మిషన్ మోగుతున్నా సరే, చెవి నా ముక్కు కాడ పెట్టి ఇంటది.”

మర్నాడు నేను ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లి రవాణా వ్యవహారాలు చూసే అధికారిని కలిశాను. అనంతపురం వైపు మనిషి. నేను చెప్పిందంతా విని, పహిల్వాన్ గురించి కూడా విని, పెదవి విరిచాడు.

“ఇవన్నీ నాకేంటికప్పా? నేను బస్సులో కూర్చుంటా. వాడు తోలల్ల. మధ్యాన్నం తిన్నంక, ఎండ బాగా ఉన్నప్పుడు. నిద్ర వచ్చేది అప్పుడే గదా. కన్ను మూసినాడో, అప్పుడే రూటు వేరేవాళ్లకి రాసిచ్చేస్తా.”

నాకు అది న్యాయంగానే తోచింది.

పరీక్ష రోజు అధికారి కొండాపూర్ ఇంటికే వచ్చాడు. భోజనం ఆఫీసులో చేసే వచ్చానన్నాడు. “మా గడప తొక్కినోన్ని తినవెట్టకుండ పంపితే మా బర్రెలు పాలియ్యవు సారూ,” అన్నాడు మామ. ఆయన చేతికి చిక్కినవాళ్లెవరూ తప్పించుకోలేరని నాకు అనుభవమే. వేడి జొన్నరొట్టె, వేపిన మటన్, గిన్నెడు గడ్డపెరుగు. అధికారి మొహమాటంగా మొదలుపెట్టి, మొహమాటం వదిలి పూర్తిచేశాడు. డ్రైవరు కూడా మా పక్కనే కూర్చుని అంతా తిన్నాడు. తక్కువ తినమని భార్య కళ్లతో సైగ చేస్తే, “తినకుంట నడిపితే పరీక్షేంది?” అన్నాడు.

ఎండ బస్సు రేకు మీద నిప్పులు పోస్తోంది. అధికారి డ్రైవరు వెనక సీట్లో, అద్దంలో అతని కళ్లు కనబడేలా కూర్చున్నాడు. ఆయన వెనక మామ. ఆ పక్కన నేను. డ్రైవరు భార్య కొంగు నడుముకు బిగించి చివరి సీట్లో కూర్చుంది. కొత్తగూడ మీదుగా గుండ్రటి భవనం దాకా, అక్కడినుంచి మాదాపూర్ చుట్టి మళ్లీ ఆ భవనం ముందు ఆగాలి. అదీ ఏర్పాటు.

బస్సు కదిలింది. కొత్తగూడ చౌరస్తాలో ఎర్రదీపం పడింది. చెరుకు రసం బండి అక్కడే ఉంది. బండివాడు మా బస్సును గుర్తుపట్టి బండిని నాలుగడుగులు వెనక్కి లాక్కున్నాడు. డ్రైవరు అతనికి చెయ్యి ఊపాడు. నేను ఊపిరి బిగబట్టి అద్దంలో ఆ కళ్లు చూస్తున్నాను. నిండా మేలుకున్న కళ్లు. రోడ్డునూ, గుంతలనూ, రాళ్ల లారీలనూ, అడ్డం వచ్చిన మేకలనూ ఒక్కొక్కటీ చూస్తున్న కళ్లు.

ఆ ధీమాతో నేను కాస్త వెనక్కి వాలాను. పెరుగు తన పని తాను చేసింది.

కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి గుండ్రటి భవనం కనబడింది. చేరామనుకున్నాను. మళ్లీ రెప్పపడింది. ఇంకోసారి తెరిచేసరికి మళ్లీ అదే భవనం, అదే వైపు నుంచి వస్తోంది. కల అనుకుని గిల్లుకున్నాను. నా ముందు అధికారి తల కిటికీ ఊచకు ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మామ తువ్వాల మొహం మీద కప్పుకుని, పైకీ కిందికీ ఊదుతున్నాడు. బస్సులో మేలుకుని ఉన్నవాడు ఒక్కడే. అతను స్టీరింగ్ తిప్పుతూ, భవనం ముందు ఆగకుండా, మళ్లీ మాదాపూర్ వైపు మలుపు తీసుకుంటున్నాడు.

దారి మరిచాడేమోనని ముందుకు వంగాను. అంతలో బస్సు ఒక గుంతలో దిగి లేచింది. అధికారి ఉలిక్కిపడి, నోరు తుడుచుకుని, గడియారం చూసుకుని, కళ్లెర్రజేశాడు.

“ఏమప్పా! ఇంగా చేరలేదా? ఎక్కడికి తోలుకపోతాండావు?”

డ్రైవరు అద్దంలోంచే వేలు పెదవుల మీద పెట్టాడు.

“మెల్లగ సార్. రెండుసార్లు చేరినం. ఆపితే కుదుపుకు లేస్తదని మళ్ల తిప్పుతున్న.”

“ఎవరు?”

అతను గడ్డంతో వెనక్కి చూపించాడు. ఇద్దరం తిరిగి చూశాం. చివరి సీట్లో ఆవిడ కాళ్లు ముడుచుకుని, కొంగు తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. ఎండ మొహం మీద పడుతోంది, అది కూడా తెలియనంత గాఢ నిద్ర. చెయ్యి ఒకటి సీటు అంచు నుంచి వేలాడుతూ బస్సుతో పాటు ఊగుతోంది.

“ఎన్నేండ్లకో పండుకుంది సార్,” అన్నాడు డ్రైవరు. “ఇంకొక్క చక్కరు.”

అధికారి కొంతసేపు ఆవిడ వైపు, ఆ తర్వాత అద్దంలో ఆ కళ్ల వైపు చూశాడు. లేచి వెళ్లి, శబ్దం కాకుండా ఆవిడ పక్క కిటికీ తెర లాగి, వచ్చి తన సీట్లో వెనక్కి వాలాడు.

“గుంతలు చూసుకుని పోనీప్పా,” అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.